మూడో ప్రకటన

సంగారెడ్డిలో సత్యరాజు ఉద్యోగం తూకం రాళ్ళు చూడటం. అంగడి అంగడికీ తిరిగి, రాయిని తిరగేసి, అడుగున సర్కారు ముద్ర ఉందో లేదో చూసేవాడు. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాక మనుషుల్ని కూడా అలాగే చూడటం అలవాటైంది.

1970లో కూతురు సుకుమారికి సంబంధం కుదిరింది. పిల్లవాడు సొలొమోను. సొంతూరు బందరు. పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన కార్ఖానాలో ఫిట్టరు. నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే సత్యరాజుకు మింగుడుపడలేదు. తండ్రి లేడు. తల్లి ఉత్తరంలోనే సరేనంది తప్ప పిల్లను చూడటానికి రాలేదు.

"మొన్న తెలంగాణ గొడవలప్పుడు ఆంధ్రోళ్ళు ఎంతమంది వాళ్ళ ఊళ్ళకు పోయిండ్రు! ఈ పోరడు పోలే. ఎందుకు పోలే?" అన్నాడు భార్యతో.

"పోతే దొంగ, ఉంటే దొంగ. ఇగ మంచోడు ఎట్లుండాల్నో నువ్వే చెప్పు," అంది జయశీల.

"అక్కడ ఒక పెండ్లాం ఉందేమో."

చర్చిలో పెళ్ళంటే ముందు మూడు ఆదివారాలు ఇద్దరి ఊళ్ళలోనూ పేర్లు చదువుతారు. అడ్డు తెలిసినవాళ్ళు అప్పుడే చెప్పాలి. సంగారెడ్డిలో రెండు ప్రకటనలు చడీచప్పుడు లేకుండా అయిపోయాయి. ఇక్కడ ఎవరికి ఎరుక, ఎరుకున్న వాళ్ళంతా అక్కడే ఉంటారు, అనుకున్నాడు సత్యరాజు. గురువారం పెళ్ళి. శనివారం తెల్లవారుజామున బస్సెక్కాడు. హైదరాబాదులో దిగి ఇంకొకటి, బెజవాడలో దిగి ఇంకొకటి.

బందరు చేరేసరికి పొద్దు వాలింది. కోట దగ్గర దొరల కాలపు గోడలు కూలి ఉన్నాయి. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఇక్కడికే వచ్చేవని రిక్షావాడు చెప్పాడు. సత్యరాజు నమ్మలేదు. సముద్రాన్ని అతను చూడటం అదే మొదలు. వంగి, వేలు ముంచి, నాలుకకు రాసుకున్నాడు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని తాగనీకి చుక్క లేదు," అన్నాడు.

మర్నాడు ఆరాధనకు వెళ్ళి చివరి వరుసలో, గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఎవరి కంటా పడకుండా విని పోదామని. ప్రసంగం అయ్యాక అయ్యగారు కాగితం తీశారు.

"ఈ సంఘస్థుడైన సొలొమోనుకు, సంగారెడ్డి సంఘస్థురాలైన సుకుమారికి. ఇది మూడో ప్రకటన. అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పవలెను."

సత్యరాజు లేచి నిలబడ్డాడు.

సంగారెడ్డిలో పేర్లు చదివినప్పుడు ఆ ఇంటివాళ్ళు లేస్తారు, ఎవరి బిడ్డో అందరికీ తెలియాలని. నలభై ఏళ్ళ అలవాటు. కాళ్ళు అతన్ని అడగలేదు. బందరులో మాత్రం లేచేది పెళ్ళి ఆపేవాడే.

అయ్యగారు కళ్ళద్దాలు తీశారు. "అభ్యంతరమా?"

"లేదయ్యగారూ! మా దిక్కు లేస్తరు. నేను పిల్ల తండ్రిని."

ముందు వరుసలో తెల్లచీర కట్టుకున్న ఆవిడ వెనక్కి తిరిగింది. సొలొమోను తల్లి పరంజ్యోతి. "సంగారెడ్డి నుంచి ఇంత దూరం లేచి నిలబడ్డానికి వచ్చారా?"

అందరూ నవ్వారు. ఇక దాచి లాభం లేదు.

"ఒక్క మాట అడగనీకొచ్చిన," అన్నాడు సత్యరాజు. "పిల్లగానికి ఇంతకుముందు పెండ్లయిందా? ఎరికున్నోళ్ళు చెప్పుండ్రి. నాకు ఒక్కతే బిడ్డ."

నవ్వు ఆగిపోయింది. ఒక ముసలాయన కర్ర ఊతంతో లేచాడు.

"అవలేదయ్యా. వాడు పుట్టినప్పుడు ఉయ్యాల కట్టింది నేనే. ఒక్క పిల్లతో మాట్లాడ్డానికే చెమటలు పట్టేవి వాడికి, ఇంకా ఇద్దరు పెళ్ళాలా!"

"అవును, అవును," అన్నారు తక్కినవాళ్ళు.

అందరూ ఒకే మాట అనడం సత్యరాజుకు అంతగా నచ్చలేదు. అయినా ఒక్కొక్క ముఖమే చూశాడు. ఎవరూ కళ్ళు తిప్పుకోలేదు. కూర్చున్నాడు.

ఆరాధన ముగిశాక పరంజ్యోతి ఎదురొచ్చింది. "తృప్తయిందా అన్నయ్యగారూ?"

"అయినట్టే."

"మరి నాకవలేదు. పిల్లను చూసుకోండని ఒక్కసారైనా పిలిచారా? ఉత్తరాలన్నీ మా వాడి చేతిరాతే, మీ ఇంటి నుంచి ఒక్క ముక్కా లేదు. మీ అమ్మాయి నడుస్తుందో లేదో నాకేం తెలుసు?"

ఆమె రాలేదనే సత్యరాజు అనుకున్నాడు గాని, తను పిలవలేదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

"నడుసుడేంది? ఉరుకుతది!"

"అది నేను చూస్తాను. గురువారం దాకా ఆగను, ఇప్పుడే మీతో వస్తున్నా. మీ ఊళ్ళో నేనూ నలుగురిని అడగాలి."

ఇల్లు తాళం వేసి, రేకు పెట్టెతో పావుగంటలో వచ్చింది. బస్సులో ఆడవాళ్ళ సీట్లో ఆమె, వెనక అతను. ఊరూరికీ ఆమె వెనక్కి తిరిగి చూసేది. చూసినప్పుడల్లా అతను ఆమెనే చూస్తూ కనపడేవాడు. సూర్యాపేట దాటినా ఇద్దరిలో ఎవరూ కునుకు తీయలేదు.