డబ్బాకు పథ్యం

మదనపల్లెలో నేను పనిచేసే ఆస్పత్రిలో అందరూ నన్ను పథ్యం మేడమ్ అంటారు. ఎవరు ఏం తినాలో చెప్పడమే నా ఉద్యోగం. పిల్లలకు బలం పొడి అమ్మే ఒక కంపెనీ వాళ్లు రోగులకు రాసిచ్చే చీటీల పుస్తకాలు నాకు అచ్చేసి ఇచ్చేవాళ్లు. ప్రతి చీటీ మీదా ఒక మూల డబ్బా బొమ్మ, పక్కన చిన్న గడి. అందులో టిక్కు పెడితే చాలు. మా వంటింట్లో మిక్సీ వాళ్లిచ్చిందే. బెంగళూరులో మీటింగంటే కారు పంపింది వాళ్లే. లంచం తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇదీ లంచమేనని మాత్రం తోచలేదు, చూడండి! ఒక్క టిక్కుతో ఎవరి కొంప మునుగుతుందిలే అనుకునేదాన్ని.

పుంగనూరు పక్క పల్లె నుంచి ఒకామె నాలుగేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. పాప బరువు పెరగడం లేదు. ఆ రోజు జనం తోసుకుంటున్నారు. ఇంట్లో ఏం పెడుతున్నావని కూడా అడక్కుండా టిక్కు పెట్టి, "రెండు పూటలా తాపు" అని పంపేశాను.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. పాప ఇంకా చిక్కిపోయింది. అసలే నాది దురుసు నోరు.

"బుద్ధుందా నీకు? బిడ్డకు తిండి పెడతాండావా లేదా?" అని అరిచాను.

ఆమె బెదిరిపోయింది. "మీరు చెప్పినట్టే మేడమ్. పొద్దున, మాపున పొడి తాపిస్తాండాను. పథ్యం గూడా తప్పలేదు."

"ఏం పథ్యం?"

"గుడ్డు పెట్టలేదు, శెనక్కాయలు పెట్టలేదు. రాగి సంగటి నిలిపేసినా. ఒట్టి చారన్నమే. మందు తాగేటప్పుడు పథ్యం ఉండాల కదా మేడమ్. గుడ్డు కావాలని ఒకటే ఏడుపు. మా అత్త ఇయ్యబోతే దీని చేతిలోంచి నేనే లాక్కున్నా."

ఆస్పత్రి చీటీ మీద నేను రాసింది ఆమెకు మందే. ఇంకెట్లా అనుకుంటుంది? ఆ పాపకు దొరికే బలమంతా ఆ గుడ్డులో, ఆ సంగటిలోనే ఉంది. దాన్ని మాన్పించింది నేను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నా చదువంతా ఏ గంగలో కలిసిందో!

"పథ్యం లేదు, ఏమీ లేదు. ఈ పూట నుంచే అన్నీ పెట్టమ్మా" అన్నాను.

"మరి డబ్బా నిలిపేసేదా మేడమ్?"

కంపెనీ మనిషి అప్పుడు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆదివారం కుప్పంలో వాళ్లు పెట్టే తల్లుల మీటింగులో నేను మాట్లాడాలని చెప్పడానికి వచ్చాడు. ఆమె నా మొహం చూస్తోంది. నేను అతని మొహం చూశాను.

"అదీ తాపు" అన్నాను.

"అట్లే మేడమ్. తప్పు నాదే. తెలీక బిడ్డ కడుపు మాడిస్తి" అని కళ్లు తుడుచుకుంది.

కాదమ్మా, తప్పు నాది అనడానికి ఎంతసేపు పడుతుంది? దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆమె పాపను చంకనేసుకుని, నాకు దండం పెట్టి వెళ్లింది.

ఆదివారం నేను కుప్పం వెళ్లాను.