పాదాల నుంచి కిరీటం దాకా

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది మోస్తూనే ప్రతి శుక్రవారం భజనలో గీత చదివి అర్థం చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గల్ఫ్‌లో, హమ్రియాలోని మా పనివాళ్ల రూమ్‌లో నా పక్క మంచం మల్లేశ్‌ది. మాది ఒకే ఊరు. మా ఇంటావిడ, అతని భార్య సుజాత పక్కపక్క ఇళ్లలో ఉంటారు. అతనికి చదువు రాదు. ఫోన్‌కు ఏ పాస్‌వర్డ్ పెట్టినా మర్చిపోయేవాడు. బొమ్మ మీద మనం ఎంచుకున్న చోట్లను వరుసగా తాకితే తెరుచుకునే తాళం ఒకటి ఉంటే, నేనే పెట్టించాను. వేంకటేశ్వరస్వామి బొమ్మ తీసుకున్నాడు. ఎక్కడెక్కడ తాకాడో నన్ను చూడనివ్వలేదు.

"దేవుని మీద వెట్టిన తాళమన్నా. దొంగోడు వచ్చినా దండం వెట్టి పోవాలె" అని నవ్వాడు.

ఊళ్లో అతని పాప జ్వరంతో పోయింది. ఆ తర్వాత భజనలో అతను పెదవి కదపడం మానేశాడు. అతని మనసులో ఏముందో తెలుసుకోవాలనుకున్నాను. అతని మేలు కోసమేనా? లేక నా భజనలో ఒకడు అలా మౌనంగా కూర్చోవడం నాకే చిన్నతనంగా తోచిందా?

ఒక శుక్రవారం మధ్యాహ్నం అతను స్నానానికి వెళ్లాడు. ఫోన్ తీసుకున్నాను. అంగపూజలో మేము పూలు వేసే వరుసలోనే తాకాను. పాదాలు, నాభి, గుండె, కిరీటం. మొదటిసారికే తెరుచుకుంది. ఆ పూజ అతనికి నేర్పింది నేనే.

అతను సుజాతకు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. "దండం వెడితే చేతులే కలుస్తున్నయే. మనసు కలుస్తలేదు."

ఆ సాయంత్రం భజనలో, పేరు చెప్పకుండా, అదే మాట అన్నాను. అలాంటివాళ్లు మన మధ్యే ఉన్నారన్నాను. అందరూ తలలూపారు.

తర్వాత మెట్ల మీద మల్లేశ్ నన్ను ఆపాడు.

"అన్నా, గా మాట సుజాతకు తప్ప ఎవ్వలకు చెప్పలే. వదినెకు చెప్పిందా?"

చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

"చెప్పినట్టే ఉన్నది. ఫోనైతే ఎవ్వడు తియ్యలేడు. నా బిడ్డ ముచ్చట వాడకెక్కిచ్చింది."

"పోనీ తియ్ మల్లేశా" అన్నాను.

ఆ మాటతో ఆమె మీద నేరం ఖాయం చేశాను. ఆమె ఒట్లు వేసింది, ఏడ్చింది. అతను నమ్మలేదు. బొమ్మ తాళాన్ని నమ్మాడు, నన్ను నమ్మాడు. ఇప్పటికీ ఆమెతో అవసరానికి మించి మాట్లాడడు. పాపను తలుచుకుని ఏడవడానికి ఆ ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరున్నారు? అదీ లేకుండా చేసి, ఒకరిని నొప్పించని సత్యమే వాక్కుకు తపస్సని ఆ తర్వాత ఎన్నిసార్లు బోధించానో.

మల్లేశ్ ఎదుట నిజం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. సుజాత ఎవరికీ చెప్పలేదు. ఆ ఫోన్ తెరిచింది నేను.

రాశాక ఊపిరి ఆడింది. ఆ ఊపిరి కూడా నాకు సిగ్గుగానే ఉంది.