తిరుగుడు పెట్టె

మొన్న రేణిగుంట స్టేషన్ ఎదుట ఒక టిఫిన్ అంగట్లో కూర్చున్నాను. రైలు ఆలస్యం. దోసె కూడా ఆలస్యమే. పెనం దగ్గరున్నామె "ఉల్లిదోసె ఎవురికి?" అని కేకవేసింది. ఆమెకూ నాకూ నడుమ ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ఆ కేక రెక్కల్లోంచి దూరి, వణుకుతూ, ఒకసారి నా కుడిచెవి దగ్గరికీ ఇంకోసారి ఎడమచెవి దగ్గరికీ వచ్చింది. చిన్నప్పుడు ఫ్యాను ముందు మొహం పెట్టి "ఆ..." అని అరవనివాళ్లు ఎవరుంటారు? అందరికీ అది నవ్వులాట. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఎవరో నా వెనకనుంచి నడిచి వెళ్లినట్టనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు. అట్లాంటప్పుడు చూడకూడదని మునిరత్నం సార్ ఏనాడో చెప్పారు.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. ఎనభైల మొదట్లో చిత్తూరులో పెళ్లిళ్లకూ జాతరలకూ పాటకచ్చేరీలు చేసే ఒక చిన్న ఆర్కెస్ట్రాకు ఆయన పెద్ద. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. నేను బెల్లం మండీ వ్యాపారి కూతురిని. కాలేజీ చదువు అయిపోయింది, వీణ నేర్చి నేర్చి విసుగెత్తింది, ఎలక్ట్రిక్ గిటారు కావాలని పట్టుబట్టాను. "కరెంటు వీణా? షాకు కొడితే ఎవురు మే పూచీ?" అన్నాడు నాయన. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చివరికి ఆయనే నన్ను వెంటబెట్టుకుని మిట్టూరులో సార్ ఇంటికి తీసుకువెళ్లి, గుమ్మం దాటగానే గోడలకున్న స్విచ్చులన్నీ అనుమానంగా చూసి వచ్చాడు.

ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవారు, సార్, ఆయన అక్క. మా వైపు అక్క కూతురిని చేసుకోవడం మామూలే కదా, సార్ కూడా అట్లాగే అక్క కూతురు సులోచనను చేసుకున్నారు. ఆర్కెస్ట్రాలో పాటలు పాడింది ఆమే. నేను వెళ్లేనాటికి ఆమె కామెర్లతో పోయి ఏడాది దాటింది. అక్కకు చూపు లేదు. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. కూతురిని పోగొట్టుకున్న తల్లీ, భార్యను పోగొట్టుకున్న మొగుడూ ఒకే కప్పు కింద, ఒకరి దుఃఖం గురించి ఒకరు మాట్లాడకుండా బతుకుతున్నారు. వాళ్లిద్దరి మధ్యా ఉండేది ఆ పెట్టె.

అది నడుమెత్తు చెక్కపెట్టె. లోపల స్పీకరు, దాని కింద పక్కకు కిటికీ కోసిన చెక్క డ్రమ్ము. టేబుల్ ఫ్యాను మోటారు ఒకటి, కుట్టుమిషను బెల్టు ఒకటి కలిసి ఆ డ్రమ్మును తిప్పుతాయి. స్పీకరు కదలదు. దాని శబ్దం మాత్రం ఆ కిటికీలోంచి బయటపడి గదంతా చుట్టి వస్తుంది. సులోచన బతికుండగానే కచ్చేరీల కోసం సార్ దాన్ని చేయించారు. వేగంగా తిప్పితే పాట పండగ దీపంలా మినుకుమినుకుమంటుంది. నిదానంగా తిప్పితే ఎవరో గదిలో నడుస్తున్నట్టుంటుంది.

నా మొదటి పాఠం దీపాలు పెట్టే వేళకు పడింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. సార్ గిటారు అందుకుని, నిదానం స్పీడులో ఒక చిన్న కూనిరాగం వాయించారు. అది సులోచన దీపం వెలిగించేటప్పుడు తీసే రాగమని నాకు తర్వాత తెలిసింది. తీగ మీది స్వరం గుమ్మంలోంచి లోపలికి వచ్చింది, గోడ వెంట నడిచింది, నా వీపు వెనక ఒక క్షణం ఆగింది. నిజంగా ఆగిందనే అంటాను, మీరు నవ్వినా సరే. నేను మెడ తిప్పబోయాను.

"వెనక్కి సూడొద్దు పాపా," అన్నారు సార్, చెయ్యి ఆపకుండా. "సూస్తే నువ్వు కండ్లతో ఎతుకుతావు. చెవితో ఇను."

ఎదురుగా అవ్వ మొహం ఆ శబ్దం వెంటే మెల్లగా తిరుగుతోంది. నడిచే మనిషిని చూస్తున్నట్టే. "వచ్చినావా, రా," అంది. తర్వాత రాగిసంగటి ముద్ద ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. కూతురు ఇంటికి రానిదే తల్లి తినదట. రోజూ ఆ వేళకు సార్ పెట్టె తిప్పేది అందుకే. నాకు భయం వేసిందా అంటే వేసింది. మర్నాడు మళ్లీ వెళ్లానా అంటే, చెప్పిన వేళకంటే ముందే వెళ్లాను.

పెట్టె దగ్గర ఎప్పుడూ నువ్వులనూనె వాసన, సీకాయ వాసన వచ్చేవి. చెక్క పైభాగం నిగనిగలాడేది. ఏదో పాలిష్ అనుకున్నాను. ఒక శుక్రవారం కాస్త తొందరగా వెళ్లేసరికి సంగతి తెలిసింది. అవ్వ పెట్టె ముందు కూర్చుని, దోసిట్లో గోరువెచ్చని నూనె పోసుకుని, చెక్క మీద అద్దుతూ వేళ్లతో నిమురుతోంది. "శుక్రారం నూనె పెట్టకపోతే దానికి తలనొస్తాది మే," అంది నా అడుగుల చప్పుడు విని. ఆ నూనె పైచెక్క సందుల్లోంచి ఎన్నాళ్లుగా లోపలికి కారుతోందో! ఆ సాయంత్రమే స్పీకరు కాగితం నాని గరగరమంది, బెల్టు జారింది, మోటారు పొగ కక్కింది. బిడ్డకు తలంటబోయి తల్లి పెట్టెను చంపుకుంది. సార్ ఆమెను ఒక్క మాట అనలేదు. పొగ వాసన ఏమిటని అడిగితే, "సాంబ్రాణి అక్కా," అన్నారు.

మళ్లీ చేయించకపోలేదు. కొత్త మోటారు, కొత్త స్పీకరు వచ్చాయి. నూనెకు ఉబ్బి పగిలిన డ్రమ్ము బదులు ఇంకొకటి కోయించారు. అవ్వ ముందు తిప్పారు. ఆమె మొహం కదల్లేదు. "ఇదెవురో మొగోడు మునీ. బయటికి పొమ్మను," అని సంగటి పళ్లెం పక్కకు నెట్టేసింది. ఆ తర్వాత మజ్జిగ తప్ప ఇంకేదీ ముట్టలేదు. దీపాల వేళ గుమ్మం వైపు చెవి పెట్టి కూర్చునేది. చేతిగాజులు మోచేతి దాకా జారిపోయేవి. సార్ కూడా చిక్కిపోయారు. ఆమె అట్లాగే పోతే ఆ ఇంట్లో సులోచన కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకెవరూ ఉండరు. ఆయన భయం అదీ.

సింగపూరు సరుకు అమ్మే ఒక అంగట్లో ఇట్లాంటి శబ్దం చేసే పెడళ్లు ఉన్నాయని తెలిసి ఇద్దరం మద్రాసు వెళ్లాం. అరచేతంత ఇనపడబ్బా, కాలితో తొక్కితే చాలు, తిరిగే పెట్టె అక్కర్లేదన్నాడు అంగడాయన. సార్ గిటారు నాకిచ్చి, తాను గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని, శబ్దం ఎక్కడుందో వేలితో చూపిస్తూ నిలబడ్డారు. మొదటిదానికి వేలు కదల్లేదు. "ఇది ఈడ్నే నిలబడి ఊగతా ఉండాది. నడిచేది లేదు." రెండోది బాగానే నడిచింది కానీ, తొక్కగానే ఉన్నపళంగా పరుగెత్తింది. "మనిషి అట్ల పరిగెత్తదు పాపా. ముందు అడుగు పడల్ల, ఆమీద జోరు రావల్ల." మూడోదాంట్లో వేగం నిదానంగా పెరిగి, కాలు తీస్తే నిదానంగా తగ్గింది. దానికి రెండు ఆంప్లిఫయర్లు తగిలించి, శబ్దాన్ని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పంపే వీలు కూడా ఉంది. సార్ వేలు గోడ మీద అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగింది. అంగడాయన నన్ను పక్కకు పిలిచి, ఆయనకు ఒంట్లో బాగుందా అని అడిగాడు. మీకంటే బాగుంది అన్నాను. నా నోరు అప్పుడూ ఇంతే.

ఇంటికి వచ్చి ఒక ఆంప్లిఫయరుకు తగిలించి వాయించాం. అవ్వ విన్నది. విని, చీరకొంగు గట్టిగా కప్పుకుంది. "గొంతు దాందే. కాళ్లు మాత్రం నేలకి ఆనలేదు," అంది. మా ఊళ్లలో కాళ్లు నేలకానని వాళ్లను ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. తీగలు మీటే పిక్కు కింద పడేశాను. సార్ మాత్రం లేచి, పక్కగదిలోంచి రెండో ఆంప్లిఫయరు మోసుకొచ్చి వంటింటి గడప దగ్గర పెట్టారు. మొదటిదాన్ని వీధి గుమ్మం దగ్గరికి జరిపారు. తాను అవ్వ మొహం చూడాలని నన్నే వాయించమన్నారు. ఈసారి స్వరం గుమ్మం దగ్గర మొదలై, మా నడుమనుంచి, గచ్చు మీదుగా వంటింటి వైపు నడిచింది. అవ్వ మొహం దాని వెంటే వెళ్లింది. "ఇంతసేపు యాడికి పోయినావు మే?" అంటూ పళ్లెం కోసం తడుముకుంది. సార్ ఆ పక్కకు తిరిగి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

కథ అక్కడితో సుఖంగా ముగియాలి. కానీ అవ్వ తినడం ముగించాక కూడా సార్ ఆపేవారు కాదు. మర్నాటినుంచి రోజూ ఆయనే వాయించేవారు. కచ్చేరీలకు పిలుపులు వస్తే ఒంట్లో బాగాలేదని కబురు పంపేవారు. పెడల్ మీద కాలు వేసి స్వరాన్ని గది చుట్టూ తిప్పుతూనే ఉండేవారు. ఆయన కళ్ల కింద నల్లటి గుంటలు పడ్డాయి. నేను ఒకటి రెండుసార్లు ఆపమన్నాను. ఆయన నా మాట వినలేదు, అసలు అది ఆయన చెవిన పడలేదేమో.

ఒక సాయంత్రం అవ్వ చెయ్యి కడుక్కుని, చాప మీద తన పక్కన చోటు చేసి అంది: "మునీ, ఇంక దాన్ని కూసోనీరా. నడిచి నడిచి కాళ్లు వాచిపోయినాయి దానికి."

సార్ వేళ్లు ఆగలేదు. "నేను నిలిపితే అది పోతాది అక్కా."

"నా కోసరం దాన్ని పిలిచినావు, సరే. ఇప్పుడు నీ కోసరం తిప్పతా ఉండావు. కన్నదాన్ని, నాకు తెలీదా? పోదు. కూసుంటాది. కాలు తియ్యి."

ఆయన ఇంకో రెండు చుట్లు తిప్పారు. తర్వాత కాలు తీశారు. వేగం తగ్గింది. నడక నిదానమైంది, ఇంకా నిదానమైంది. ఆయన తీగల మీద అరచెయ్యి ఆన్చి, పెడల్ వైరు పీకేశారు. ఆంప్లిఫయర్లు రెండూ ఆర్పేశారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

అవ్వ మొహం మాత్రం ఇంకా కదులుతోంది. గుమ్మం దగ్గరనుంచి గోడ వెంట, నిదానంగా, ఏదో చూస్తున్నట్టు. నా దగ్గరికి వచ్చింది, నన్ను దాటింది, చాప మీది ఖాళీ చోటు దగ్గర ఆగింది. ఆ క్షణం నా పక్కనుంచి నువ్వులనూనె వాసన, సీకాయ వాసన గుప్పున వచ్చాయి. ఆవేళ శుక్రవారం కాదు. పాత పెట్టె ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.

"కూసునింది," అంది అవ్వ.

ఆ తర్వాత ఆ ఇంట్లో దీపాల వేళ గిటారు మోగలేదు. అవ్వ రోజూ తిన్నది, పక్కనున్న చోటుతో ఏదో మాట్లాడుతూ. సార్ కచ్చేరీలకు తిరిగి వెళ్లారు. పెడల్ నాకు ఇచ్చేశారు. "ఎవురైనా తొక్కతారు పాపా. కాలు తీసేదే కష్టం. అది నేర్సుకో," అన్నారు. ఆయన నాకు చెప్పిన పాఠాలన్నిటిలో ఇదొక్కటే కంఠతా వచ్చింది. వేదికల మీద ఎన్ని పాటలు వాయించినా, చివరన వేగం తగ్గించి, అది పూర్తిగా ఆగేదాకా వేచి ఉండి, అప్పుడే పెడల్ వైరు పీకుతాను. పక్కవాళ్లు తొందరపెడితే కసురుకుంటాను. ఆయనా, అవ్వా ఇద్దరూ పోయి చాలాకాలమైంది. చాప మీద వాళ్లకిప్పుడు చోటు సరిపోతుందో లేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

రేణిగుంట అంగట్లో నా దోసె వచ్చేలోపే కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఒక్కసారిగా ఆగలేదు. నిదానమయ్యాయి, ఇంకా నిదానమయ్యాయి. నేను పక్క కుర్చీలో పెట్టుకున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.