తిరిగొచ్చిన మోకాలు

మా అమ్మ మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రి ఎంచింది నేనే. సౌకార్‌పేటలో మా నాన్నకి పప్పుల కొట్టుండేది. బస్తా మూతి దగ్గర మేలురకం పోసి అడుగున పుచ్చుపప్పు నింపేవాళ్ళని ఆయన దూరం నుంచే పట్టేసేవాడు. ఆయన కడుపున పుట్టిన నేను, మోకాళ్ళ మార్పిడికి ఆసుపత్రులకి వేసే మార్కుల్లో తమకే ఎక్కువని ఆసుపత్రి వాకిట్లో పెట్టుకున్న బోర్డు చూసి మురిసిపోయాను. పైగా బేరమాడి గది అద్దె తగ్గించానని బంధువులందరికీ చెప్పుకున్నాను. బస్తా మూతి చూసి సంబరపడ్డానన్నమాట.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే కాలు వాచింది. కుట్ల దగ్గర చీము, ఒళ్ళంతా జ్వరం. ఆటోలో అదే ఆసుపత్రికి తీసుకెళితే, చేర్చుకోవాల్సిందేనన్నాడు చూసిన డాక్టరు. పడకలు ఖాళీగానే ఉన్నాయి. అయినా మధ్యాహ్నం దాకా అమ్మని చక్రాల కుర్చీలోనే ఉంచారు. చివరికి ఆపరేషను ప్యాకేజీల లెక్కలు చూసే అమ్మాయి వచ్చి, అంబత్తూరులో తెలిసిన నర్సింగ్ హోముంది, అక్కడ చేర్చండి, బండి మేమే ఇస్తాం అంది. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. ఆపరేషనైన మనిషి నెలలోపు మళ్ళీ ఇక్కడే చేరితే ఆసుపత్రికి మార్కు తగ్గుతుందట. మార్కుని బట్టే ఇన్సూరెన్సువాళ్ళ చెల్లింపట. వేరేచోట చేరితే లెక్కలోకి రాదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాపసొచ్చిన సరుకుని నాన్న ఏనాడూ కొట్టు లోపలికి తీసుకెళ్ళలేదు. వీధి అరుగు మీదే, నలుగురి కళ్ళముందే బస్తా విప్పి మార్చి ఇచ్చేవాడు. వీళ్ళు మనిషినే దొడ్డిదారిన దాటించేస్తారట! ఈ మార్కులు వేసే మహానుభావుడు ఒక్కసారైనా ఒక్క రోగి కాలు తాకి చూశాడా?

అంత కోపంలోనూ నా నోరు ఊరుకుందా? బండితోపాటు నర్సునీ పంపుతారా అని బేరం మొదలెట్టాను. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఈడ కోసినారు, ఈడనే చూడాల. నేను యాడికీ పోను పాపా," అంది ఆ అమ్మాయితో. "మీ పెద్ద డాక్టర్ని రమ్మనుమా."

తర్వాత కుర్చీని వాకిట్లో ఆ బోర్డు కిందికి తొయ్యమంది. తోశాను. మోకాళ్ళు చూపించుకోడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, ఏమైందమ్మా అని అడగసాగారు. అమ్మ చీర కాస్త జరిపి అందరికీ ఓపిగ్గా చూపించింది. కాసేపటికే పడక దొరికింది.

నయమై ఇంటికి బయల్దేరుతుంటే అదే అమ్మాయి ఫోను పట్టుకొచ్చి, ఆసుపత్రికి ఎన్ని నక్షత్రాలిస్తారమ్మా అని అడిగింది.

"నడిచినాక చెప్తాలే," అంది అమ్మ.