వైకుంఠపాళిలో జీడిపప్పు

ఈసారి మా ఇంటికొస్తే నా ముందు జీడిపప్పు మాట ఎత్తకండి. సంగతి చెబితే మీరు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వే ఓపిక ఇంకా రాలేదు.

ముక్కోటి ఏకాదశికి ఉపవాసం ఉండి, మధ్యాహ్నం అందరం చేరి వైకుంఠపాళి ఆడటం మా అత్తగారి నాటి అలవాటు. ఈసారి బాపట్ల నుంచి మా వదినగారు, అంటే మా వారి అక్కగారు, మోకాలి ఆపరేషన్ వల్ల తెనాలి రాలేకపోయారు. రేపల్లెలో మా చెల్లెలు విజయకి ఇల్లు కదలడం కుదరలేదు. ఫోన్లోనే ఆ ఆట ఉంది, డౌన్‌లోడ్ చేస్తే చాలంది విజయ. వదినగారు ఒప్పుకోలేదు. ఆ నిచ్చెనలకి భక్తి, దానం అని పేర్లే లేవట, అదేం వైకుంఠమన్నారు. సరేనని అత్తగారి గుడ్డ పటమే నేలమీద పరిచి వీడియో కాల్ పెట్టాం. పటం కనపడేలా ఫోన్‌ని కుర్చీకి కట్టేసరికే నా నడుం పడిపోయింది.

ఎవరింట్లో వాళ్ళు గవ్వలు వేసుకుంటే నమ్మేదెలా? అందుకని అందరి పందేలూ నేనే వెయ్యాలి, అందరి కాయలూ నేనే జరపాలి. విజయకి చింతగింజ, నాకు గురివింద గింజ. వదినగారికీ చింతగింజే పెట్టబోతే, ఇంటి ఆడపడుచుకి చింతగింజా అన్నారు. మర్నాటి చక్రపొంగలికి తీసి ఉంచిన జీడిపప్పులో ఒకటి తెచ్చి పెట్టాను.

పాపం, వదినగారు ఏటా వైకుంఠం గడప దాకా వెళ్ళి పెద్దపాము నోట్లో పడతారు.

"ఈ ఏడైనా చేర్చు అమ్మాయ్. గవ్వలు నీ చేతిలోనేగా ఉన్నాయి" అన్నారు.

సాయంత్రానికి పెద్దపాముని దాటేశారు. ఇక మూడు పడితే పరమపదం. దణ్ణం పెట్టుకుని వేశాను. మూడే పడింది. సంబరంగా జీడిపప్పు చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే విజయ ఎంత పడిందక్కా, బొమ్మ కనపడుతోంది గానీ మాట రావట్లేదని ఒకటే గోల. ఫోన్ వైపు వంగి మూడు, మూడు అని చెబుతున్నాను. పొద్దుటి నుంచీ ఖాళీ కడుపు. చెయ్యి దాని దారిన అది నోటికి వెళ్ళింది. నమిలాక గానీ తెలియలేదు.

బాపట్లలో వదినగారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని పటమంతా వెతికారు.

"అమ్మాయ్, నేనెక్కడ?"

నేను పైటతో నోరు తుడుచుకుంటున్నాను. విజయే చెప్పింది, "అక్క మిమ్మల్ని తినేసిందండీ."

ఇంకో జీడిపప్పు పెడతానన్నాను. అది నేను కాదన్నారు వదినగారు.

"పెద్దపామే పోనీలే అని వదిలేసింది. నువ్వు మింగావు. వచ్చే ఏడు కుంటుకుంటూ అయినా వస్తాను. నా కాయ నా చేతిలోనే ఉంటుంది" అని ఫోన్ పెట్టేశారు.

నోరు పుక్కిలించి దేవుడి ముందు లెంపలేసుకున్నాను. ఆయనకి మాత్రం ఏమని చెప్పుకోను? తెల్లవారుజాము నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టనిదాన్ని, ముక్కోటి ఏకాదశి పూట నేను తిన్నది మా ఆడపడుచుని.