అమ్మకు మొలిచిన పై పన్ను

డెబ్బై దాటాక మా అమ్మకు పన్ను మొలిచింది. ఆ వార్తకు ధర్మవరంలోని మా వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎముకలు గుల్లబారాయని డాక్టరు రాసిచ్చిన మాత్రను అమ్మ ఏళ్ల తరబడి వారానికొకటి మింగుతోంది. పరగడుపున వేసుకొని అరగంట నడుం వాల్చకూడదట. ఆ అరగంటా మహారాణిలా నిటారుగా కూర్చొని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞలు జారీచేసేది. ఆ మాత్రతో ఆమె ఎముకల సంగతేమో గానీ మా వెన్నుపూసలు మాత్రం గట్టిపడ్డాయి.

ఓరోజు పైదవడలో ఒక పన్ను కదిలితే వెళ్లి పీకించుకొచ్చింది. ఏం మందులు వాడుతున్నావని అక్కడి డాక్టరు అడిగితే బీపీ మాత్ర ఒక్కటే చెప్పిందట.

"ఎముకల మాత్ర నడుముకిచ్చిండేది గదరా! నోటికీ దానికీ ఏం సంబంధం?" అని తర్వాత నేనడిగితే నా మీదే ఎగిరింది.

నెలలు గడిచినా ఆ పుండు మానలేదు. చివరికి గుంటలోంచి తెల్లగా ఏదో తొంగిచూసింది. మా పిన్ని టార్చి వేసి చూసి, "అక్కకు పన్ను మొలుస్తాండాది!" అని చాటింపు వేసింది. చూడవచ్చినవాళ్ల వరస ఎంత పొడవంటే, బియ్యం ఇస్తున్నారనుకొని ఒకాయన సంచి పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

చిక్కల్లా ఒకటే. బిడ్డకు పై పన్ను ముందు మొలిస్తే మేనమామకు గండమని మావాళ్ల నమ్మకం. అమ్మ మేనమామ పెనుకొండలో నిక్షేపంగా ఉన్నాడు. ఆయనకు ఎవరో ఫోన్ చేసి ఆ నిక్షేపాన్ని కాస్తా చెడగొట్టారు.

నేనుండేది హిందూపురంలో. ఇంటికి వెళ్లి అమ్మ నోరు చూసేసరికి నా నవ్వు ఎండిపోయింది. చిగురు వాచి చీము పట్టింది. ముద్దను ఒక పక్కకే తోసుకొని తింటోంది. మర్నాడే హిందూపురం రైలెక్కించాను. పెనుకొండలో ఆ మేనమామ తాత కూడా ఎక్కాడు.

"ఏమ్మే, ఈ వయసులో నీకు పండ్లెందుకే? నన్ను పంపించేకా?"

"నువ్వు పొయ్యేవాడివైతే పాలపండ్లకే పోయింటివి మామా!"

"నోరు తెరువు, సూస్తా."

"రైల్లోనా? కూచో గమ్మున."

హిందూపురం పళ్ల డాక్టరు ముందు ఈసారి మందుల సంచి మొత్తం కుమ్మరించాను. ఆయన ఎక్స్‌రే తీయించి చూసి, "ఇది పన్ను కాదమ్మా, మీ దవడ ఎముకే" అన్నాడు. ఎముకల మాత్రలు చాలాకాలం వాడినవాళ్లలో అరుదుగా, పన్ను తీసిన చోట పుండు మానక ఎముక చచ్చుబడుతుందట. ముదిరితే దవడలో కొంత కోసేయాల్సి రావచ్చట.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అట్లయితే నాకు గండం లేదా సారూ?" అన్నాడు తాత. అందరం ఆయనవైపు తిరిగాం. ఆయన గొంతు సవరించుకొని, "ఉంటే ఉండనీలే సారూ. పాప దవడ నిలబెట్టు, సాలు" అన్నాడు.

డెబ్బై దాటిన ఆ పాప కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

పళ్ల డాక్టరూ ఎముకల డాక్టరూ మాట్లాడుకొని ఆ మాత్ర ప్రస్తుతానికి ఆపించారు. పుక్కిలించే మందు, యాంటీబయాటిక్కులు నడిచాయి. మేం తిరిగిన తిరుగుళ్లకు రైలు పట్టాలు అరిగి సన్నబడ్డాయి. కొన్ని నెలలకు చచ్చిన ఎముక వదులైతే డాక్టరు దాన్ని తీసేశాడు. బియ్యపుగింజంత ఉంది. తాత పెనుకొండకు మోసుకెళ్లిన వర్ణనలో అది కొబ్బరిచిప్పంతయింది. ఆ తర్వాత చిగురు మూసుకుంది. కోత తప్పింది.

ఆ మాట డాక్టరు నోట విన్న రోజు తిరుగు రైల్లో అమ్మను పట్టడం ఎవరి తరం కాలేదు. ఎదుటి సీటు మొదలుకొని పెట్టె మొత్తం వరసగా విచారించింది.

"ఏమప్పా, ఎముకల మాత్ర మింగుతాండావా? పన్ను పీకేవాళ్లకు ముందే చెప్పల్ల. నీకు నువ్వు మాత్ర ఆపొద్దు, డాక్టర్ని అడుగు. ఏదీ, నోరు తెరువు."

టికెట్లు చూడవచ్చినాయన టికెట్ అడగడం మరిచి, బుద్ధిగా నోరు తెరిచాడు.