సున్నపు తొట్టి

ఉత్తరాదిన గమ్హరియాలో ఒక తీగల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు నేను చేసిన పని ఒక్కటే. తుప్పు పట్టిన ఇనుప తీగ చుట్టల్ని యాసిడ్ తొట్టిలో ముంచడం, తీసి కడగడం, పక్కనున్న సున్నపు తొట్టిలో ముంచడం. సున్నం పడితే యాసిడ్ చచ్చిపోతుంది. ఒంటిమీద చుక్క చిందినా మా చెయ్యి ఆ తొట్టిలోకే పోయేది. నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతే.

మా అమ్మాయికి సముద్రం పిచ్చి పట్టింది. రైలెక్కితే గాని సముద్రం కనబడని ఊళ్ళో ఇదేం పిచ్చని దెప్పేవాణ్ణి. మన పొగంతా పీల్చుకుని సముద్రం పులిసిపోతోందట, గవ్వ పురుగులకి పెంకులు కట్టడం లేదట. అది జనానికి చూపించడానికి దగ్గర్లోని సిద్ధగోరాలో ఒక మైదానంలో గాజు తొట్టి పెట్టించింది. అడుగున గవ్వల పొడి పరిచి, నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి, అందులో తను మునిగి, మండినా రెండు నిమిషాలు కళ్ళు మూయకుండా జనాన్ని చూడటం. అదీ ప్రదర్శన.

ఇంట్లో వెనిగర్ నీళ్ళ బకెట్లో తల ముంచి సాధన చేసేది. లేచేసరికి కళ్ళు చింతనిప్పులు.

"యాసిడ్‌తో ఆటలేటమ్మా? కళ్ళు పోతాయి," అన్నాను.

"కుఛ్ నహీ హోగా, పాపా," అంది, ఏం కాదన్నట్టు చెయ్యూపి. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే, నాది తెలుగు, తనది హిందీ. యాసిడ్ సంగతి నాకే బాగా తెలుసు కాబట్టి గాజు ముందే నిలబడమంది. ప్రమాదమనిపిస్తే గాజు తట్టమంది, వెంటనే లేచిపోతానంది.

నా మనసు ఆగలేదు. ఆ రోజు పొద్దున్నే తను వెనిగర్ పోసి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళగానే, తెచ్చిన సున్నం సంచి తొట్టిలో గుమ్మరించి కర్రతో కలిపాను. జనం వచ్చేసరికి నీళ్ళు తేటపడ్డాయి. సున్నం గవ్వల పొడిలో కలిసిపోయింది. నాకెంత నిశ్చింతగా ఉందో చెప్పలేను.

తను దిగింది. కాళ్ళు తగిలి అడుగునున్న తెలుపంతా పైకి లేచింది. జనం ఫోన్లు ఎత్తారు. తను కళ్ళు తెరిచింది. మొహం మెలితిరిగిపోయింది, అయినా మూయలేదు, నా వైపే చూస్తూ కూర్చుంది. ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరు రెప్పల కింద సున్నపు పలుకులు తీస్తూ, కంటికి యాసిడ్ కన్నా సున్నమే ఎక్కువ చేటని, లోపలికంటా తినేస్తుందని చెప్పాడు. ముప్పయ్యేళ్ళలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. సున్నం వేసింది నేనేనని అక్కడే ఒప్పుకున్నాను. మంచం మీద ఉన్న మా అమ్మాయి విన్నది.

కుడికన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. ఎడమకంటికి నీడలు తెలుస్తాయి. సిగ్గులేకుండా ఒకరోజు అడిగాను, అంత మండుతుంటే ఎందుకు లేవలేదని.

జవాబిచ్చింది, ఈసారి తెలుగులో.

"నువ్వు గాజు తట్టలేదు కదా నాన్నా. తడతావనే చూత్తన్నాను."